సోడ్‌చిట్టీ ఒకటి, హక్కసోడ్ ఇంకొకటి

సోలాపూర్ తూర్పు భాగంలో ఉండే మన తెలుగువాళ్ల నాలుక మీద రెండు మరాఠీ మాటలు ఎప్పుడూ ఆడుతుంటాయి. మొగుడూ పెళ్లాం తెగతెంపులు చేసుకుంటే ‘సోడ్‌చిట్టీ అయింది’ అంటారు. ఇంట్లో కరీంనగర్ వైపు యాస మరవని ముసలమ్మ ఉంటే అదే సంగతిని ‘ఇడుపు కాయితం’ అంటుంది. రెండో మాట ‘హక్కసోడ్’. ఆస్తిలో నా వాటా నీకు వదిలేశానని రాసి, రిజిస్టరు చేసి ఇచ్చే పత్రం అది. రెండింట్లోనూ ‘సోడ్’ ఉంది, వదలడం అని అర్థం. మొదటిది మనిషిని వదిలే కాగితం, రెండోది గోడల్ని వదిలే కాగితం. మొదటిది చేతికి రాగానే రెండోది దానంతట అదే అయిపోయిందనుకునేవాళ్లు కొందరు. రెండోది ఇవ్వకుండా బిగబట్టి, మొదటిదాని మీద కసి తీర్చుకోవాలనుకునేవాళ్లు మరికొందరు. ఎవరి దారి వాళ్లదే కానీ ఫలితం ఒకటే: ఇంటికి తాళం, తాళానికి తుప్పు.

విడిపోవాలా వద్దా అన్నది ఇక్కడ మాట్లాడబోవడం లేదు. అది మీ ఇద్దరి సంగతి. విడిపోవడం ఖాయమయ్యాక, ఇద్దరి పేరునా ఉన్న ఇంటిని మనిషితనం పోగొట్టుకోకుండా ఎలా అమ్ముకోవాలన్నదే ఇక్కడి మాట.

ముందు ఆ ఇంటిని చూద్దాం. దాజీపేటలోనో, సాఖర్‌పేటలోనో, అశోక్ చౌక్ వెనక సందుల్లోనో ఇలాంటివి కోకొల్లలు. వీధి వైపు గదిలో రెండు పవర్‌లూమ్‌లు. నెత్తి మీద జకార్డు, దానికి వేలాడే అట్టల మాల. ఆ అట్టల్లోని చిల్లుల లెక్కను బట్టే సోలాపూర్ చద్దరు మీద నెమలో, పువ్వో లేస్తుంది. వెనక గదిలో వంట. మధ్య గుమ్మానికి తలుపుండదు, అంచు చెడిపోయి బేరానికి పోని చద్దరొకటి తెరలాగా కట్టి ఉంటుంది. ఆ తెర ఇవతల ఆయన మగ్గం, అవతల ఆమె చాట. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. పగలంతా మగ్గం చప్పుడు, మధ్యాహ్నం లెక్క అప్పజెప్పాల్సిన బీడీ కట్టలు. అంటే ఇది ఇల్లు ఒక్కటే కాదు, కార్ఖానా కూడా. హైదరాబాదులో ఫ్లాటు అమ్ముకునే జంటకు పోయేది పడకగది. ఇక్కడి జంటకు పడకగదితో పాటు రేపటి కూలీ పోతుంది. కోపం రెట్టింపు కావడానికి కారణం అదే. తొందరపడి చేసిన సంతకం రెట్టింపు చేటు చేసేదీ అందుకే.

మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడు ఏం చేస్తాడో మీకు తెలియంది కాదు. ముందు మగ్గం ఆపుతాడు. తెగిన కొసను వెతికి పట్టుకుని, ముడివేసి, అప్పుడు మళ్లీ నడుపుతాడు. ఆపకుండా నడిపితే గజాల కొద్దీ గీత పడుతుంది, ఆ బట్టను తరవాత ఎవరూ బాగుచేయలేరు. విడిపోయిన మొదటి నెలలో ఇంటి సంగతి తేల్చాలని కూర్చోవడమంటే ఆపకుండా నడపడమే. ఆ నెల అమ్మకం మాటెత్తకండి. కానీ మూడు పనులు మాత్రం ఆపకూడదు: బ్యాంకు వాయిదా, కరెంటు బిల్లు, ఇంటి పన్ను. ఎవరు కట్టినా రసీదు దాచి, ఇంకొకరికి ఫోనులో ఫోటో పంపండి. కింద ఒక్క మాట కూడా రాయకండి. ‘చూడు, నేనే కడుతున్నా’ అన్న నాలుగు మాటలు చాలు, ఆ రసీదు రసీదుగా ఉండడం మానేసి రాయి అయిపోతుంది.

(వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు చాలావరకు ‘క్షమించండి, ముందుకు సాగండి’ అంటాయి. మంచి మాటే. కానీ క్షమించినంత మాత్రాన ఐదో తారీఖున వాయిదా ఆగదు.)

ఇప్పుడు అసలు సంగతి. ఇల్లు అమ్మడానికి కూర్చున్న జంట మధ్య రెండు లెక్కలుంటాయి. ఒకటి ఇంటి లెక్క, ఇంకొకటి మనసు లెక్క. పెద్దమనుషుల ముందు జరిగే మాటలు గుర్తు తెచ్చుకోండి.

“మా అమ్మ దవాఖానల ఉంటే ఒక్కపారి సూడనీకి రాలే. గసొంటి మనిషికి ఇంట్ల సగం ఎందుకియ్యాలె?”

“పదేండ్లు నీ అన్నదమ్ములకు వండిపెట్టిన. దానికి పైసలు కట్టియ్యి, అప్పుడు సంతకం జేస్త.”

రెండు మాటల్లోనూ బాధ నిజమే. కానీ ఆ బాధకు చదరపు అడుగు లెక్కన ధర కట్టబోతే ఏ కొనుగోలుదారూ ఇవ్వడు, ఏ కోర్టూ కొలవదు. అందుకని ఒక పని చేయండి. ఒక నోటుబుక్కు తీసుకుని ఎడమ పేజీలో మనసు లెక్కంతా రాయండి, తిట్లతో సహా. కుడి పేజీలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకండి. పంచాయితీకి వెళ్లేటప్పుడు కుడి పేజీ చింపి పట్టుకెళ్లండి. ఎడమ పేజీని అక్కకో చెల్లెకో చదివి వినిపించండి, లేదా పొయ్యిలో వేయండి. దాన్ని రాయాల్సిన అవసరం మీది, చదవాల్సిన అవసరం ఇంటిని కొనేవాడికి లేదు.

కుడి పేజీలో మొదటి గీత: ఇల్లు ఎవరి పేరున ఉంది? నవ్వకండి. పదిహేనేళ్లు కాపురం చేసిన ఇంట్లో కాగితం మీద ఏ పేరుందో సరిగ్గా చెప్పలేని మగవాళ్లు చాలామంది ఉంటారు. సోలాపూర్‌లో ఈ ప్రశ్నకు ఇంకో మెలిక కూడా ఉంది. కుంభారి దగ్గర కామ్రేడ్ గోదూతాయి పరుళేకర్ పేరుతో బీడీ కార్మికులకు కట్టిన 10,000 ఇళ్లు మహిళా కార్మికుల సహకార గృహనిర్మాణ సంఘానివి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించారు. దాని వెనక ఏళ్ల తరబడి నడిచిన పోరాటానికి ముందు నిలిచినవారు మన తెలుగువారే, ఊరంతా ఆడం మాస్తర్ అని పిలుచుకునే నర్సయ్య ఆడం. ఆ తరవాత అదే కుంభారిలో రాయ్‌నగర్ లేచింది. మొత్తం 30,000 ఇళ్ల ప్రణాళిక. అందులో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అందజేశారు. అది ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద వచ్చింది. ఆ పథకంలో ఇంటి పత్రం మీద ఆడమనిషి పేరైనా ఉండాలి, లేదా భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. కాబట్టి ‘నేను కట్టిన ఇల్లు’ అని ఆయన గొంతు చించుకునే ముందు ఒకసారి కాగితం చూసుకోవడం మంచిది. ఇల్లు ఆమె ఒక్కరి పేరునే ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది ఆమె సొంత ఆస్తి. అందులో తన డబ్బు ఉందనేవాడు కోర్టులో రుజువు చేసుకోవాలి తప్ప, పంచాయితీలో చేయి పైకెత్తి సగం అడగలేడు. ఇలాంటి సంఘం ఇళ్లకూ పథకం ఇళ్లకూ అమ్మకం మీద షరతులుంటాయి. అలాట్‌మెంటు పత్రం చదవకుండా, సంఘం ఆఫీసులో అడగకుండా ఎవరి దగ్గరా ఇసారు (బయానా) తీసుకోకండి.

ఇక ఇల్లు మామగారి పేరునే ఉంటే? అప్పుడు అమ్మడానికి మీ ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. అయితే భార్యను రాత్రికి రాత్రి బయటికి గెంటే హక్కు కూడా ఎవరికీ లేదు. 2005 గృహహింస చట్టం కింద కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది, కాగితం మీద పేరు లేకపోయినా సరే. ఆ ఇల్లు అత్తమామలదైనా ఈ రక్షణ వర్తించవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉండే హక్కు వేరు, అమ్మే హక్కు వేరు. ఈ రెండూ కలగలిపి మాట్లాడే చుట్టాలు ప్రతి వీధిలోనూ దొరుకుతారు.

ఇద్దరి పేరునా ఉందనుకుందాం. ‘నా సగం నేను అమ్ముకుంటా, నీ సగంతో నువ్వు చావు’ అన్న బెదిరింపు ఎక్కడో ఒక చోట వస్తుంది. చట్టం ప్రకారం సగం వాటా అమ్ముకోవచ్చు. కానీ ఉమ్మడి కుటుంబపు నివాసగృహంలో వాటా కొన్న బయటివాడికి ఆ ఇంట్లోకి వచ్చి కలిసి ఉండే హక్కు రాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. కొన్నవాడికి మిగిలేది దావా. తెలిసి తెలిసి దావాను మంచి ధరకు ఎవరు కొంటారు? అందుకే సగం ఇంటికి సగం ధర రాదు, పావు వచ్చినా గొప్పే. కోర్టుకు వెళ్తే 1893 నాటి విభజన చట్టం ఉంది. పంచడానికి వీల్లేని ఇంటిని, సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవారు కోరితే, కోర్టు అమ్మించి డబ్బు పంచగలదు. అప్పుడు రెండోవారు ‘కోర్టు కట్టిన ధరకు నేనే కొంటాను’ అని ముందుకు రావచ్చు. నూట ముప్ఫై ఏళ్ల కిందటి ఆ చట్టంలో దాగిన ఇంగితం చూడండి: ఒకరికి అమ్మాలని ఉంటే, ఇంకొకరికి ఉండాలని ఉంటే, ఉండేవాడు ధర చెల్లించి ఉండాలి. ఈ మాటకు కోర్టు దాకా పోనక్కర్లేదు. మీ ఇంటి మధ్య గుమ్మంలో నిలబడి మాట్లాడుకున్నా సరిపోతుంది.

ధర తేల్చడానికి మన పల్లెల్లో ఒక పాత పద్ధతి ఉంది: ఒకరు పంచాలి, ఇంకొకరు ఏరుకోవాలి. ఇంటికి దీన్నిలా వాడవచ్చు. ఒకరు ధర చెప్పాలి. ఆ ధరకు కొనాలో అమ్మాలో రెండోవారు ఎంచుకోవాలి. తక్కువ చెబితే తన వాటా తక్కువకు పోతుంది, ఎక్కువ చెబితే ఎక్కువకు కొనాల్సి వస్తుంది. నోరు దానంతట అదే అదుపులోకి వస్తుంది. కానీ చేతిలో నగదు ఉన్నవాడికే ఈ ఆట కలిసొస్తుంది. బీడీలు చుట్టే ఆమె దగ్గర కొనే డబ్బెక్కడిది? అలాంటప్పుడు ఈ పద్ధతి వద్దు. ఇద్దరు దళారులతో, బ్యాంకు వాళ్ల అంచనాదారుతో ధర కట్టించి మధ్య అంకె తీసుకోండి. న్యాయంగా కనిపించే ప్రతి పద్ధతీ ఇద్దరి విషయంలోనూ న్యాయంగా ఉండదు.

అంకెలు వేసి చూద్దాం. ఇల్లు 34 లక్షలకు పోయిందనుకోండి. బ్యాంకు బాకీ 9 లక్షలు. దళారీ, పాత పన్ను, కరెంటు బకాయి కలిపి ఒక లక్ష. మిగిలింది 24 లక్షలు. కొన్నప్పుడు ఆమె గాజులూ గొలుసూ అమ్మి 3 లక్షలు తెచ్చింది, ఆయన తండ్రి 2 లక్షలు ఇచ్చాడు. సగం సగం పంచుకుంటే చెరి 12. ఎవరు తెచ్చింది వాళ్లకు తిరిగిచ్చి మిగతా 19 పంచుకుంటే ఆమెకు 12.5, ఆయనకు 11.5. రెండు పద్ధతులకూ తేడా యాభై వేలు! నెలకు 11,000 వాయిదా నడుస్తున్న ఇంట్లో, ఈ యాభై వేల కోసం ఐదు నెలలు పట్టుబడితే 55,000 బ్యాంకుకు పోతాయి. ఇలా గీత గీసి చూస్తే చాలా గొడవలు సగానికి సగం తగ్గుతాయి. ఎందుకంటే గొడవపడేవాళ్లు తేడా ఎంతో ఎప్పుడూ లెక్క వేయరు. ఎవరు నెగ్గాలన్నదే చూస్తారు.

అసలు చిక్కు బంగారంతో వస్తుంది. ఆనాటి ధరా, ఈనాటి ధరా? బంగారానికి ఈనాటి ధర కడితే ఆయన తండ్రి ఇచ్చిన రెండు లక్షలకూ పెరుగుదల కట్టాలి. ఏ కొలబద్దైనా సరే, ఇద్దరికీ ఒకటే ఉండాలి. దాన్ని అంకెలు చూడకముందే తేల్చుకోవాలి, చూశాక ఎవరికి లాభమో తెలిసిపోతుంది.

‘వాయిదాలన్నీ నేనే కట్టాను, ఆమె ఏం కట్టింది?’ అనే ఆయనకు ఒక తీర్పు చెప్పాలి. భర్త ఏళ్ల తరబడి సౌదీలో పనిచేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లలనూ చూసుకుంది. ఆ డబ్బుతో కొన్న ఆస్తుల మీద తగాదా వచ్చింది. ఇంటి పని చేసి ఆయన సంపాదనకు వీలు కల్పించిన భార్యకు ఆ ఆస్తిలో సమాన వాటా ఉంటుందని 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు తేల్చింది. మద్రాసు తీర్పు మహారాష్ట్ర కోర్టులను కట్టడి చేయదు, నిజమే. కానీ మగ్గం పక్కన కండెలు చుట్టి ఇచ్చిందెవరో, అర్ధరాత్రి షిఫ్టుకు టీ కాచిందెవరో తెలియడానికి తీర్పు కావాలా? మగ్గాల కరెంటు బిల్లులో ఆమె చెమట ఎక్కడా రాసి ఉండదు. రాయనంత మాత్రాన లేనట్టు కాదు.

పెద్దమనుషుల దగ్గరికి వెళ్లొద్దని అనను. గొంతు తగ్గించడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. కానీ వాళ్లు రాయించే నోటరీ కాగితంతో ఇంటి హక్కు మారదు. వంద రూపాయలు గానీ అంతకు మించి గానీ విలువున్న స్థిరాస్తి హక్కు చేతులు మారాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో అమ్మకం జరిగినట్టు కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులోనే తేల్చి చెప్పింది. ‘నువ్వు సంతకం పెట్టి పో, అమ్మినంక నీ పైసలు నీకిస్త’ అని మీ పేరు మీద పవర్ అడిగితే, ఎంత మంచి మనిషైనా, ఒక్కటే జవాబు: “ఖరేదీఖత్ నాడు నేనే వస్త. ఇద్దరం సంతకం జేద్దాం.” ఖరేదీఖత్ అంటే అమ్మకం పత్రం. ఇసారు కూడా అంతే. ఇద్దరి పేర్లు రాసిన పావతి (రసీదు) ఉండాలి, డబ్బు ఇద్దరి ఖాతాల్లోనూ పడాలి. చివరి రోజున కొనేవాడి నుంచి రెండు డిమాండ్ డ్రాఫ్టులు తీసుకోండి, ఎవరి వాటా వాళ్ల పేరున. ఒకరి ఖాతాలో పడి ఇంకొకరికి రావాల్సిన డబ్బు దారిలో ఆగిపోయే కథలు మన పేటల్లో చాలా ఉన్నాయి.

బ్యాంకుకు మీ విడాకులతో పనిలేదు. ఇద్దరూ అప్పు పత్రం మీద సంతకం పెట్టారు, బాకీ మొత్తం ఇద్దరిదీ. ‘ఇల్లు ఆమెకు రాసిచ్చా, ఇక వాయిదాతో నాకేం సంబంధం’ అనుకున్నాయన సిబిల్ స్కోరే రేపు కొత్త మగ్గానికి అప్పు పుట్టనివ్వదు. ఒకరు ఇల్లు ఉంచుకుంటే అప్పు వాళ్ల ఒక్కరి పేరుకు మార్పించాకే హక్కసోడ్ మీద సంతకం పెట్టాలి. బాకీ తీరిపోతే అసలు పత్రాలు 30 రోజుల్లో చేతికి రావాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున అది మీకు చెల్లించాలి. ఇది 2023లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. కొనేవాడు పత్రాలు అడుగుతాడు కాబట్టి ఆ తేదీని ఇప్పుడే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

మగ్గాల సంగతి వేరుగా రాయండి. అవి ఇంట్లో ఉన్నా ఇల్లు కావు. ఇంటితో కలిపి అమ్మితే కొనేవాడు మగ్గాలకు పాత ఇనుము ధరే కడతాడు. ముందే విడిగా ధర కట్టించండి.

పరస్పర అంగీకారంతో విడాకులకు వెళ్తుంటే, మొదటి అర్జీకీ రెండో అర్జీకీ మధ్య ఆరు నెలల గడువు ఉంటుంది. కొన్ని సందర్భాల్లో కోర్టు దాన్ని తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ నా మాటగా చెప్పాలంటే తగ్గించుకోకండి. ఆ ఆరు నెలలు ఇంటికి వాడుకోండి. సున్నం వేయించండి, కొనేవాణ్ని వెతకండి, షరతులు రాసుకోండి. భరణం బదులు ఇల్లు ఇస్తున్నా, ఇల్లు బదులు భరణం వదులుకుంటున్నా, ఆ మాటా ఆ విలువా కోర్టు అర్జీలో అక్షరాలా రాయించండి. కానీ ఆ గడువు దాటనివ్వకండి. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అని పెద్దలు ఊరికే అనలేదు. తాళం వేసిన ఇంటి పైకప్పును ఎవరూ బాగు చేయరు. రెండు వానకాలాలు దాటితే మీ 34 లక్షల అంకెను కొనేవాడే సవరిస్తాడు.

పిల్లలకు ఈ సంగతి ఇంటి ముందు ‘అమ్మబడును’ బోర్డు పెట్టకముందే చెప్పాలి, బోర్డు చూసి వాళ్లు తెలుసుకోకూడదు. ఇద్దరూ కలిసి, మగ్గం ఆపి, ఐదు నిమిషాలు కూర్చుని చెప్పండి: ఇల్లు అమ్ముతున్నాం, బడి మారదు, మార్కండేయ రథోత్సవం నాడు ఇద్దరం నీతోనే ఉంటాం. ఇందులో నిలబెట్టుకోలేని మాట ఏదైనా ఉంటే అది చెప్పకండి.

వకీలు ఖర్చుకు భయపడేవాళ్లకు ఒక మాట. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. జిల్లా కోర్టులోనే న్యాయ సేవల సంస్థ ఉంటుంది, ఫోను నంబరు 15100.

ఇంత చదివాక రేపు చేయాల్సింది ఒక్కటే. సిటీ సర్వే ఆఫీసుకు వెళ్లి మీ ఇంటి ప్రాపర్టీ కార్డు తీయించండి. గుంఠాల లెక్కన కొన్న గుంఠేవారీ జాగా అయితే సాత్‌బారా ఉతారా (భూమి రికార్డు నకలు) తీయించండి. ఇద్దరూ కలిసి వెళ్లనక్కర్లేదు. ఎవరు ముందు వెళ్తే వాళ్లు ఇంకో జిరాక్సు తీయించి, రెండోవారికి పంపండి.